కొండ మీద ఏముందో వచ్చి చూడండి, ఆ తర్వాతే గాలిమరలకు అనుమతి ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ అధికారులకు, రాష్ట్ర నవీన, పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ (ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, పాత పేరు నెడ్‌క్యాప్) యాజమాన్యానికి, అనంతపురం, శ్రీసత్యసాయి, కర్నూలు, నంద్యాల జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

2024 అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో పవన విద్యుత్తు లక్ష్యం 35 గిగావాట్లని ఉంది. 1990లలో రామగిరి కొండల మీద మొదటి గాలిమరలు నిలబెట్టినప్పటి నుంచి ఇన్నేళ్ళలో రాష్ట్రం మొత్తం మీద వచ్చింది 4 గిగావాట్ల చిల్లర. అంటే ముప్పై ఏళ్ళలో వచ్చినదానికి ఎనిమిది రెట్లకు పైగా తేవాలని అనుకుంటున్నారన్నమాట. వచ్చేది ఎక్కడికో కాదు. గాలి ఎక్కడుంటే అక్కడికే వస్తాయి, అంటే మళ్ళీ మా సీమ కొండల మీదికీ, మా మెట్ట చేలల్లోకీ. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. పునాదిలో కాంక్రీటు పోసేశాక ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదని మాకు బాగా తెలుసు.

గాలిమరలు వద్దని రాయడం లేదు, అది ముందే చెప్పేస్తాను. బొగ్గు కాల్చి కరెంటు తీస్తే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పక్కనే కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది, ఆ బూడిద ఎంత దూరం పోతుందో ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని అడిగితే చెబుతారు. గాలిమరకు బొగ్గు అక్కర్లేదు, బూడిద రాదు, అన్నింటికంటే ముఖ్యంగా నీళ్ళు అక్కర్లేదు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన మా జిల్లాకు అది చిన్న విషయం కాదు. ఎండలు ఏటేటా ముదురుతున్నది మేమూ చూస్తున్నాం. కాబట్టి దీన్ని అభివృద్ధికి అడ్డుపడేవాళ్ళ ఉత్తరం అనుకుని పక్కన పడేయకండి.

ఇంకొకటి కూడా ముందే తేల్చుకుందాం. మా దగ్గర చాలామంది ఫ్యాన్ల వల్లే (గాలిమరలను మేం అలాగే అంటాం) వానలు పోయాయని నమ్ముతారు. మబ్బు కమ్ముకొచ్చిందనీ, ఫ్యాన్లు గట్టిగా తిరగడం మొదలవగానే చెదిరిపోయిందనీ రచ్చకట్ట మీద చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నేను ఆ మాట అనను. పడమటి కనుమలకు ఇవతల వాననీడలో ఉన్న జిల్లా మాది, ఈ ఫ్యాన్లు ఒక్కటీ లేని కాలంలో కూడా గంజి కేంద్రాలు చూసిన జిల్లా. ఆషాఢంలో మబ్బులు మా నెత్తి మీదుగా పరిగెత్తిపోవడం తాతల కాలం నుంచీ ఉన్నదే. వాన మోసుకొచ్చే మబ్బును ఫ్యాను రెక్క ఆపలేదు. కానీ ఇక్కడ జరుగుతున్న అన్యాయం ఏమిటంటే, మీటింగులో ఎవరో ఒక పెద్దాయన ఈ వాన మాట ఎత్తగానే మిగతా మాటలన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి. ‘ఇవన్నీ మూఢనమ్మకాలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అదే మీటింగులో, తన చేలో దారికి అడ్డంగా మట్టికట్ట వేశారని చెప్పిన రైతు మాటా పోతుంది, రాత్రుళ్ళు నిద్ర లేదని చెప్పిన అవ్వ మాటా పోతుంది. వాన సంగతి పక్కన పెట్టండి, నేనూ పెడుతున్నాను. మిగతావి వినండి.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు అర్థమైనంతలో చెబుతాను. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఏయే పనులకు ముందస్తు అనుమతి కావాలో ఒక పట్టిక ఉంది. గనులున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, థర్మల్ కేంద్రాలు, డ్యాములు, పెద్ద పెద్ద భవనాలు కూడా ఉన్నాయి. పవన విద్యుత్తు లేదు. పట్టికలో లేదు కాబట్టి ప్రభావ అంచనా నివేదిక అక్కర్లేదు, నివేదిక లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను రంగుల వారీగా విడదీసినప్పుడు గాలిమరలను వైట్ కేటగిరీలో వేసింది, అంటే మండలి అనుమతి కూడా తీసుకోనక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒకటి ఉంది గానీ అది ప్రభుత్వం సేకరించి ఇచ్చే భూమికి. కంపెనీ రైతు దగ్గర నేరుగా కొనుక్కుంటే, కౌలుకు తీసుకుంటే ఆ అంచనా అడిగేవాళ్ళు లేరు. అటవీ శాఖ భూమైతే అటవీ అనుమతి కావాలి, నిజమే, కానీ మా కొండల్లో చాలా భాగం రెవెన్యూ రికార్డుల్లో గుట్ట పోరంబోకు అనో బంజరు అనో రాసి ఉంటుంది, అప్పుడు ఆ గొడవా లేదు.

చూడండి, ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి కాగితమూ చట్టప్రకారమే ఉంది. కానీ మొత్తం తిరిగి చూస్తే, కొండెక్కి అక్కడేముందో చూసి రాయాల్సిన మనిషి గానీ, ఊళ్ళోకొచ్చి జనాన్ని అడగాల్సిన మనిషి గానీ ఈ దారిలో ఎక్కడా కనపడడు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క విషయం గురించే.

చూడకపోతే ఏమవుతుందో కల్పవల్లిలో ఇప్పటికే జరిగింది. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో, ముష్టికోవెల చుట్టుపక్కల కొండలవి. 1990ల మొదట్లో అవి బోడిగుట్టలు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కొండలకు కాపు కాశారు. ఎండాకాలం నిప్పు పడకుండా చూసుకున్నారు, గొడ్డలి పడనివ్వలేదు, విత్తనాలు చల్లారు. దాదాపు ఇరవై ఏళ్ళ ఓపిక అది. ఏడు వేల ఎకరాలకు పైబడిన అడవి మళ్ళీ లేచింది, వంకల పొడుగునా ఈతచెట్లు వచ్చాయి, సీతాఫలాలు వచ్చాయి, కొట్టాలు కప్పుకోవడానికి బోదగడ్డి వచ్చింది. తోడేళ్ళు, చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటు అయింది. కింద చెరువులకు నీళ్ళు దిగే కొండ అయింది. కానీ రికార్డులో మాత్రం అది బంజరే. మనుషులు పెంచిన అడవికి రికార్డులో పేరు మార్చినవాళ్ళు లేరు. 2010 తర్వాత నల్లకొండ ప్రాజెక్టు పేరుతో అక్కడికి గాలిమరలు వచ్చాయి. కేసు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. కేసు సంగతి ఎలా ఉన్నా, తవ్విన కొండ తవ్వినట్టే ఉంది.

కొండ మీద నష్టం ఫ్యాను వల్ల కాదు, దారి వల్ల. ఇది చాలామంది పట్టించుకోరు, కంపెనీలు ఇచ్చే లెక్కల్లో ఎప్పుడూ ఒక్కో మరకు ఇంత చోటు అనే ఉంటుంది, ఆ చోటు నిజంగానే చిన్నది. కానీ రెక్క ఒకే ముక్కగా వస్తుంది. ఇప్పుడొచ్చే పెద్ద మరలకు ఒక్కో రెక్క 60, 70 మీటర్ల పొడవుంటుంది, దాన్ని మోసే ట్రైలర్ మామూలు బండిదారి మలుపులో తిరగదు, నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని కొండను పక్క నుంచి కోసి, మెల్లగా ఎక్కే వెడల్పాటి దారి వేస్తారు. క్రేన్ నిలబడటానికి ప్రతి మర దగ్గరా ఒక మైదానం చదును చేస్తారు. కోసిన మట్టి, రాళ్ళు ఎక్కడికీ మోయరు, వాలు మీదికి నెట్టేస్తారు. ఆ వదులు మట్టి మొదటి గట్టి వానకే వంకలోకి దిగుతుంది, వంక నుంచి చెరువులోకి. పూడిక తీయడానికి మళ్ళీ ఉపాధి హామీ పని పెట్టుకోవాలి. కింది నుంచి చూస్తే పచ్చని కొండకు అడ్డంగా ఎర్రటి చారలు కనిపిస్తాయి, ఏళ్ళు గడిచినా వాటి మీద గడ్డి పట్టదు, ఎందుకంటే పైమట్టి కిందికి పోయింది, మిగిలింది మొరుసు. దారి వేసేటప్పుడే రాళ్ళతో అడ్డుకట్టలు కట్టమంటే, పైమట్టిని వేరుగా పోసి తర్వాత పరచమంటే, వాన నీళ్ళు దిగడానికి కాలువలు తీయమంటే పెద్ద ఖర్చేమీ కాదు. అలా చేయమని ముందే ఎవరైనా రాసిపెట్టి ఉండాలి, అంతే.

ఇక పక్షులు, జంతువుల సంగతి. మహారాష్ట్ర సతారా జిల్లాలో చాల్కేవాడి అని ఒక పీఠభూమి ఉంది, చాలా ఏళ్ళుగా గాలిమరలున్న చోటు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ గాలిమరలున్న భాగాన్నీ, లేని భాగాన్నీ పోల్చి చూసి 2018లో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో రాశారు. మరలున్న వైపు గద్దల లాంటి వేటపక్షులు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. తినేవి తగ్గేసరికి అక్కడి తొండలు పెరిగాయి, పెరిగినవి బక్కచిక్కాయి, మనిషి దగ్గరికి వచ్చేదాకా పారిపోకుండా ఉన్నాయి, మగ తొండ గొంతు కింద విప్పి చూపించే చర్మం రంగు కూడా వెలిసింది. ఆ పీఠభూమిలో మర కొత్త వేటజంతువులా పైన నిలబడి కింద ఉన్న బతుకులన్నిటినీ మార్చేసింది. ఇప్పుడు మా సంగతి అడుగుతున్నాను. మా బుడ్డల (వేరుశనగ) చేలల్లో ఎలుకలను పట్టేది గద్దలూ గూబలూ. ఇన్ని మరలొచ్చాక అవి ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో మన రాష్ట్రంలో ఎవరైనా మర పెట్టక ముందూ పెట్టిన తర్వాతా లెక్క చూశారా? చూడాలన్న నిబంధన లేకపోతే ఎవరు చూస్తారు?

రోళ్ళపాడు పేరు కూడా ఇక్కడే చెప్పాలి. బట్టమేక పక్షి కోసం 1988లో పెట్టిన అభయారణ్యం, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఆ పక్షికి బరువెక్కువ, ఎదురుగా చూపు తక్కువ, కరెంటు తీగ దగ్గరికి వచ్చాక తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ పక్షి కోసమే తీగలను భూమిలో వేయమని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పి, అంత విస్తీర్ణంలో సాధ్యం కాదన్న వాదన విని 2024 మార్చిలో సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. అక్కడ అంత పెనుగులాట జరిగింది. మన దగ్గర పక్షి దాదాపు కనుమరుగైంది. కానీ ఆ గడ్డిభూములు ఇంకా ఉన్నాయి, కృష్ణజింకలున్నాయి, తోడేళ్ళున్నాయి, చలికాలం వలస వచ్చే చిన్న గద్దలున్నాయి. గడ్డి మాత్రమే ఉన్న నేల ఖాళీ నేల కాదు. మ్యాపులో దాన్ని ఖాళీగా చూపించి అక్కడికే ప్రాజెక్టులు తోలకండి.

ఇక మా ఊరి మాట. ఊరి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు, ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టడానికి ఈ ఉత్తరం కాదు.

మొదట ఊళ్ళోకి వచ్చేది కంపెనీ కాదు, దళారి. కొండ కింద ఎవరెవరి చేలున్నాయో, ఎవరికి అప్పులున్నాయో, ఎవరి బిడ్డ పెళ్ళి దగ్గర పడిందో అన్నీ తెలుసుకుని వస్తాడు. ఒకరికి ఒక రేటు, గట్టు అవతల ఇంకొకరికి ఇంకో రేటు. స్టాంపు కాగితాల మీద ఇంగ్లీషులో రాసిన అగ్రిమెంట్లు, చదివి వినిపించేవాళ్ళు లేరు, సంతకం పెట్టిన రైతు దగ్గర కాపీ కూడా ఉండదు. పట్టా భూమి ఉన్నవాడికి ఎంతో కొంత బేరమాడే దమ్ముంటుంది. డీపట్టా వాడి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి ఉన్నవాడి సంగతే ఘోరం. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని ఉండేది, 2023లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి దాన్ని సడలించారు. ఆ చట్టం పేదవాడి భూమి పోకుండా కాపాడటానికి వచ్చింది, మా దగ్గర మాత్రం ‘నీకు అమ్మే హక్కే లేదు, ఇచ్చింది తీసుకో’ అని బెదిరించడానికి పనికొచ్చింది. కౌలుకు చేసుకునేవాడికి ఏమీ రాదు. కొండ మీద గొర్రెలు తోలుకునేవాడికి అసలు లెక్కలోనే చోటు లేదు, ఎందుకంటే వాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు, వాడి తాత కూడా అక్కడే తోలినా సరే.

మా చిన్నాయన చేను ఒకటి చెబుతాను. చేను ఆయన ఇవ్వలేదు, పక్క చేలో మర వచ్చింది. దానికి పోయే దారిని నేల మట్టం కంటే బాగా ఎత్తు చేసి వేశారు, కింద తూము పెట్టలేదు. మామూలుగా ఆ చేలకు పైనుంచి వాన నీళ్ళు పరుచుకుంటూ వచ్చి ఒక చేను నుంచి ఇంకో చేలోకి దిగిపోతాయి, ఎన్నో తరాల నుంచి గట్లు ఆ వాలును బట్టే ఉన్నాయి. కట్ట అడ్డం పడేసరికి ఆ ఏడు పడిన ఒకే ఒక్క మంచి వానకు నీళ్ళు మా చిన్నాయన వైపు నిలిచిపోయాయి. బుడ్డల చెట్లు పసుపెక్కాయి, పీకి చూస్తే కాయ కుళ్ళి వాసన కొట్టింది. కట్టకు అవతలి రైతు చేలో అదే వానకు పదును చాలలేదు. చిన్నాయన సైటు ఆఫీసుకు పోతే దారి వేసింది కాంట్రాక్టరు, ఆయన్ని అడగమన్నారు. కాంట్రాక్టరును పట్టుకుంటే తన పని అయిపోయి బిల్లు కూడా తీసుకున్నానన్నాడు. తహసీల్దారు దగ్గరికి పోతే ఇది మీ రెండు ప్రైవేటు పార్టీల మధ్య సంగతి అన్నారు. ఒక్క తూము. రెండు సిమెంటు పైపులు వేస్తే అయిపోయే పని. దాని కోసం ఎవరి దగ్గరికి పోవాలో ఈ రోజుకీ మాకు తెలీదు. ఆ మట్టికట్ట మధ్యలో పలుగుతో తవ్వి గండి కొడదామని ఊళ్ళో కుర్రోళ్ళు లేస్తే, కేసులు పెడతారేమోనని పెద్దవాళ్ళే ఆపారు.

చప్పుడు గురించి చెబితే నవ్వేవాళ్ళున్నారు. ఫ్యాన్లను రోడ్డు మీద కారాపి చూసి పోయేవాళ్ళకు అవి నిశ్శబ్దంగానే ఉంటాయి. వైశాఖంలో మాకూ అలాగే ఉంటాయి. ఆషాఢం గాలులు మొదలయ్యాక రాత్రి పదింటికి వచ్చి మా అవ్వ పడుకునే చోట కూర్చోండి. సన్నగా, ఆగకుండా ఒక హోరు ఉంటుంది, దాని మీద ఒక్కో రెక్క కిందికి దిగినప్పుడల్లా ఒక ఊపు వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఒకే తీరుగా ఉంటే చెవి మరిచిపోతుంది, ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే మరిచిపోదు. ఊళ్ళో కరెంటు పోయి ఇళ్ళల్లో టీవీలు, పంకాలు అన్నీ ఆగిన రాత్రి ఇంకా బాగా వినిపిస్తుంది, అప్పుడు కూడా కొండ మీద ఎర్ర లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. దీనివల్ల ఫలానా రోగం వస్తుందని నేను చెప్పను. నిద్ర చెడుతుంది. తెల్లవారి కూలికి పోయేవాళ్ళకు ఆ ఒక్కటి చాలు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 2016లో కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంటికి 500 మీటర్ల లోపు గాలిమర పెట్టవద్దని ఉంది. రెండూ మంచివే, కానీ మా ఊళ్ళో డెసిబెల్ మీటరు పట్టుకుని వచ్చిన మనిషిని ఎవరూ చూడలేదు. పైగా మరలు పెరిగిపోతున్నాయి. నల్లకొండ కాలంలో వచ్చిన 800 కిలోవాట్ల మర రెక్క కొస సుమారు వంద మీటర్ల ఎత్తుకు వెళ్ళేది. ఇప్పుడొచ్చేవి మూడు మెగావాట్లూ ఆ పైన, కొస రెండు వందల మీటర్లు దాటుతోంది. మర రెండింతలైనా దూరం మాత్రం అదే 500 మీటర్లు. జర్మనీలో బవేరియా రాష్ట్రం 2014లో మర ఎత్తుకు పది రెట్ల దూరం ఉండాలని పెట్టింది, దాంతో అక్కడ కొత్త మరలు దాదాపు ఆగిపోయాయి, అంత అతి నేను అడగడం లేదు. కానీ ఎత్తును బట్టి దూరం పెరగాలన్న ఆలోచన సరైనదే. ఇంకో ప్రశ్న, ఇల్లంటే ఏది? చేలో కొట్టం కట్టుకుని ఆవుల దగ్గర పడుకునే రైతు, గొర్రెల దొడ్డి దగ్గర నెలల తరబడి పడుకునే కాపరి, వీళ్ళున్నది నివాసమా కాదా? సర్వే మ్యాపులో ఊరి గ్రామకంఠం నుంచి గీత గీస్తే వీళ్ళు కనపడరు. నీడ కూడా ఉంది. పొద్దున ఎండ మర వెనక నుంచి వచ్చేటప్పుడు రెక్కల నీడ ఇంటి మీద, కల్లం మీద తిరుగుతూ ఉంటుంది, చేట పట్టుకుని బుడ్డలు తూర్పారబట్టే మనిషికి కళ్ళు తిరుగుతాయి. జర్మనీలో ఒక ఇంటి మీద ఆ నీడ ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు దాటకుండా చూసుకుంటారు, దాటితే ఆ కాసేపు మరను ఆపుతారు. ఇది కంప్యూటర్లో ముందే లెక్కవేయగల సంగతి, ఏ ఇంటి మీద ఏ నెలలో ఎంతసేపు పడుతుందో మర పెట్టకముందే చెప్పొచ్చు.

గొర్రెల కాపరుల మాట మళ్ళీ ఎత్తుతున్నాను, ఎందుకంటే అందరికంటే ముందు మరిచిపోయేది వాళ్ళనే. కొండ దారికి గేటు వస్తుంది, గేటుకు కాపలా మనిషి వస్తాడు, కాపలా మనిషి మారినప్పుడల్లా రూలు మారుతుంది. ఒకడు పోనిస్తాడు, ఇంకొకడు రాగి తీగలు దొంగతనం అవుతున్నాయని పోనివ్వడు. మందతో వచ్చినవాడు ఎండలో గేటు దగ్గర బతిమాలుకుంటూ నిలబడాలి. నార్వేలో ఫోసెన్ అనే చోట ఇలాగే రెయిన్‌డీర్ మేపుకునే సామీ జనం కోర్టుకెళ్ళారు. అక్కడ 151 గాలిమరలు పెట్టి తిప్పుతున్నాక, 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు, మేపుకునే సంస్కృతిని కాపాడే హక్కును ఉల్లంఘించారు కాబట్టి ఆ లైసెన్సులు చెల్లవని తీర్పిచ్చింది. వాతావరణానికి మేలు చేసే ప్రాజెక్టే కదా అన్న వాదన ఆ హక్కును కొట్టిపారేయడానికి చాలలేదు. మంద వెనక తిరిగే మా కురుబోళ్ళకు అంత పెద్ద కోర్టుకు పోయే స్తోమత లేదు. వాళ్ళు అడిగేది మేత దారులు ఎప్పుడూ తెరిచి ఉంచమని, అది కాగితం మీద రాసి గేటుకు తగిలించమని.

నేను అడిగేవి కూడా ఇలాంటివే. ముందుగా, పెద్ద చట్టాలు మార్చే అధికారం మీకు లేకపోవచ్చు, కానీ స్థలాలు కేటాయించేది మీరే, కేటాయించేటప్పుడు షరతులు పెట్టే అధికారం మీకుంది. ఏ కొండకైనా, ఏ ఊరికైనా కేటాయింపు ఉత్తర్వు ఇవ్వకముందే అక్కడ గ్రామసభ పెట్టించండి. సర్పంచ్ సంతకంతో వచ్చే ఎన్‌ఓసీని (అభ్యంతరం లేదనే పత్రాన్ని) గ్రామసభగా లెక్కేయకండి, ఆ రెండూ ఒకటి కాదు. మరలు ఎక్కడెక్కడ పెడతారో, దారులు ఎటు పోతాయో, తీగలు ఎవరి చేలమీదుగా వెళ్తాయో చూపించే మ్యాపు, ఊరి జనానికి అర్థమయ్యే తెలుగులో, వారం పది రోజుల ముందే గ్రామ సచివాలయం గోడకు అంటించండి. కొండ మీద చెట్టూ పుట్టా, పక్షులూ, వంకలూ ఏమున్నాయో ఒక ఏడాది, కనీసం రెండు కాలాలైనా, కంపెనీ జీతం తీసుకోని మనుషులతో చూపించి రాయించండి. కాలేజీల్లో జువాలజీ, బోటనీ చదివే పిల్లలున్నారు, అటవీ శాఖ ఉంది, ఇది మనకు చేతకాని పనేమీ కాదు. మర పెట్టాక కూడా చచ్చి పడిన పక్షులను లెక్కపెట్టి ఆ లెక్క బయట పెట్టమనండి. నార్వేలోనే స్మోలా దీవిలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేసి చూస్తే పక్షుల చావులు 70 శాతం దాకా తగ్గాయని 2020లో రాశారు, నాలుగు మరల మీద చేసిన చిన్న ప్రయోగమే అది, అయినా మన దగ్గర ఒక కొండ మీద చేసి చూడటానికి ఒక డబ్బా రంగు చాలు.

అగ్రిమెంట్లు తెలుగులో ఉండాలి, ఒక కాపీ రైతు చేతికి ఇవ్వాలి, ఎవరికెంత ఇస్తున్నారో ఊరందరికీ తెలియాలి. రేటు రహస్యంగా ఉన్నంత కాలం దళారి బతుకుతాడు. కౌలు ఏటా వచ్చేలా ఉండాలి, ఒక్కసారి చేతిలో పోసిన డబ్బు పెళ్ళికో బోరుకో పోతుంది, చేను మాత్రం పాతికేళ్ళు పోతుంది. చుట్టుపక్కల నష్టం జరిగితే, మా చిన్నాయన చేను లాంటివి, ఎవరి దగ్గరికి పోవాలో ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. కాంట్రాక్టరు మారినా బాధ్యత ప్రాజెక్టు మీదే ఉండాలని కేటాయింపు ఉత్తర్వులోనే రాయండి.

లాభంలో వాటా మాట కూడా సిగ్గుపడకుండా అడుగుతాను. డెన్మార్క్‌లో 2009 నుంచి పదేళ్ళకు పైగా ఒక చట్టం నడిచింది, కొత్త ప్రాజెక్టులో ఐదో వంతు వాటాలను ముందుగా 4.5 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకు కొనుక్కోమని ఇవ్వాలి. తర్వాత దాన్ని మార్చి ఇంటికి నేరుగా డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. మా దగ్గర వాటాలు కొనే డబ్బు ఎవరి దగ్గరా లేదు. కానీ ప్రతి యూనిట్ మీద కొన్ని పైసలు నేరుగా పంచాయతీ ఖాతాకు వచ్చేలా చేస్తే, గాలి గట్టిగా వీచిన ఏడు ఊరికి కూడా నాలుగు డబ్బులు వస్తాయి. సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన డబ్బు, ఉంది కదా అంటారు. చట్టంలో 2 శాతం ఉన్నది లాభం మీద, ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో కంపెనీ పెట్టి మొదటి ఏళ్ళన్నీ అప్పూ వడ్డీ చూపిస్తే ఊరి వాటాకు మిగిలేదేమిటి? యూనిట్ల లెక్కకు ఆ ఇబ్బంది లేదు, మీటరు చెబుతుంది.

చివరగా పాతబడిన మరలు. వాటి ఆయుష్షు ఇరవై, పాతికేళ్ళు. 2023 డిసెంబరులో కేంద్రం రీపవరింగ్ విధానం ఇచ్చింది, అంటే పాత చిన్నవాటిని తీసేసి పెద్దవి పెట్టడం ఇక మొదలవుతుంది. స్తంభం ఇనుము కాబట్టి పాత సామానుకు కూడా ధర పలుకుతుంది, దాన్ని పట్టుకుపోతారు. ఫైబర్ రెక్కలు కొనేవాడు లేడు, చేలో వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పునాదిని తవ్వి తీసేవాడు అసలే లేడు. అప్పటికి కంపెనీ చేతులు మారి ఉంటుంది, పేరు మారి ఉంటుంది. అందుకని మొదటి రోజే, ఒక్కో మరకు ఇంత అని తీసేసే ఖర్చు ప్రభుత్వం దగ్గర డిపాజిట్ చేయించండి. చేను చేనులాగా తిరిగి ఇచ్చాకే ఆ డబ్బు వాళ్ళకు వెనక్కి ఇవ్వండి.

ఇవన్నీ చేస్తే ప్రాజెక్టులు ఆలస్యమవుతాయని, పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందని మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఒక ఏడాది ముందు చూసుకుంటే పోయేది ఒక ఏడాది. చూడకుండా మొదలుపెట్టి కోర్టులకు పోతే, ఊళ్ళు దారికి అడ్డంగా కూర్చుంటే ఎన్నేళ్ళు పోతాయో మీకే బాగా తెలుసు. కర్ణాటకకు, తమిళనాడుకు గాలి ఉన్నట్టే మనకూ ఉంది, గాలిని ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఈ ఉత్తరం ప్రింటు తీసి వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తున్నాం. మా ఊరి నుంచి రైతులు, కాపరులు, డ్వాక్రా సంఘాల అక్కలు వస్తున్నారు, పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తామన్నారు. రసీదు తీసుకుంటాం. మీ జవాబు తెలుగులో రాయండి, మా పేరుకు పంపడంతో పాటు సచివాలయం నోటీసు బోర్డులో కూడా పెట్టించండి. దానికంటే ముందు మా కొండల మీద కొత్త సర్వే జెండాలు పాతనివ్వకండి.

ఇట్లు,
కల్యాణదుర్గం వైపు ఒక మెట్ట రైతు కుటుంబం నుంచి